ప్రత్యుత్పత్తి పాఠం: చీటీల పెట్టెలో మూడు ప్రశ్నలు



పదో తరగతి బయాలజీలో ప్రత్యుత్పత్తి పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ముందు బెంచీల వాళ్లు తల వంచుకుంటారు. చెయ్యెత్తి డౌట్ అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. అందుకే ఈసారి టేబుల్ మీద ఒక అట్టపెట్టె పెట్టి, పేరు లేకుండా ప్రశ్న రాసి వేయమన్నాను. సాయంత్రానికి పెట్టె నిండింది. వాటిలో మూడు ప్రశ్నలు, క్లాసులో నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇవే ప్రశ్నలు రేపు మీ ఇంట్లో భోజనాల దగ్గర రావచ్చు.

1. "పాప అమ్మ కడుపులో ఉంటే, అమ్మ తిన్న అన్నం పాప మీద పడదా?"

ఈ ప్రశ్నకు నవ్వకండి. 'కడుపులో పాప' అని వాళ్లకు చెప్పింది మనమే కదా! అన్నం వెళ్లేది జీర్ణాశయంలోకి, బిడ్డ పెరిగేది గర్భాశయంలో. ఫాలోపియన్ నాళంలో అండం, శుక్రకణం కలిసి సంయుక్తబీజం ఏర్పడుతుంది. అది విభజన చెందుతూ వచ్చి, సుమారు వారానికి గర్భాశయం గోడకు అంటుకుంటుంది. తర్వాత అక్కడ జరాయువు తయారవుతుంది. మన పెద్దవాళ్లు 'మాయ' అనేది దీన్నే. తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మాయలోని పలుచని పొరల గుండా ఆక్సిజన్, పోషకాలు బిడ్డకు అందుతాయి, బిడ్డ శరీరంలోని వ్యర్థాలు తల్లి రక్తంలోకి వెళ్తాయి. బిడ్డను మాయతో కలిపేది బొడ్డుతాడు. చుట్టూ ఉండే ఉమ్మనీరు దెబ్బ తగలకుండా కాపాడుతుంది.

అంటే బిడ్డకు కావలసిందంతా తల్లి రక్తం నుంచే రావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. పెళ్లయ్యాక చూసుకుందాంలే అనుకోకండి. మీ అమ్మాయికి ఇప్పుడే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే డాక్టరుకు చూపించండి.

2. "మేం ముగ్గురం ఆడపిల్లలం. నానమ్మ ఎప్పుడూ అమ్మనే అంటుంది. తప్పు అమ్మదేనా?"

ఈ చీటీ చదివాక నాకు కాసేపు మాట రాలేదు. ఎవరు రాశారో నాకు తెలియదు, ఆరా తీయలేదు కూడా. ఆ రోజు పాఠం అక్కడ ఆపి, బోర్డు మీద క్రోమోజోముల పట్టిక వేశాను.

తల్లి అండంలో ఎప్పుడూ ఉండేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రి శుక్రకణాల్లో దాదాపు సగం ఎక్స్‌వి, సగం వైవి. ఎక్స్ ఉన్న కణం అండంతో కలిస్తే అమ్మాయి, వై ఉన్న కణం కలిస్తే అబ్బాయి. కాబట్టి ఆడపిల్ల పుట్టిందని తల్లిని అనడానికి సైన్సులో ఎక్కడా ఆధారం లేదు. అలాగని తప్పు నాన్నదీ కాదు. ఏ కణం కలుస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఆడపిల్ల పుట్టడం అసలు తప్పే కాదు. పుట్టబోయేది ఎవరో ముందుగా చెప్పడం, చెప్పించుకోవడం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం.

దయచేసి ఈ ఒక్క జవాబు మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

3. "నేను ముహూర్తం చూసి చేసిన ఆపరేషన్‌తో పుట్టానట. నార్మల్‌గా పుట్టినవాళ్లకంటే నేను తక్కువా?"

ఏమాత్రం కాదు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే ప్రసవానికి సుమారు 280 రోజులు, అంటే 40 వారాలు. నొప్పులు మొదలైతే గర్భాశయ కండరాలు బిగుసుకుంటూ, వదులవుతూ ఉంటాయి. గర్భాశయ ముఖద్వారం దాదాపు 10 సెంటీమీటర్లు తెరుచుకున్నాక బిడ్డ బయటికి వస్తుంది, ఆ తర్వాత మాయ పడుతుంది. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డుగా ఉన్నా, బిడ్డ గుండె వేగం ప్రమాదకరంగా తగ్గినా ఆపరేషనే ఇద్దరి ప్రాణాలూ నిలబెడుతుంది.

అయితే అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశం మొత్తం మీద 21.5 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. బిడ్డ ఊపిరితిత్తులు చివరి వారాల్లోనూ పక్వమవుతూనే ఉంటాయి. అందుకే వైద్య కారణం లేకుండా 39 వారాల లోపు ఆపరేషన్ వద్దంటారు. తేదీని పంచాంగం కాకుండా తల్లీబిడ్డల ఆరోగ్యం నిర్ణయించాలి. ఎలా పుట్టినా గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తేనె, పంచదార నీళ్లు వద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు.

ఇంట్లో మీరు చేయదగినవి

* మీ బిడ్డ పుట్టిన రోజు కథ చెప్పండి. ఏ ఆసుపత్రి, ఎంత బరువు, ఎవరు ముందు ఎత్తుకున్నారు. పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.
* ఈ మాటలు వచ్చినప్పుడు అబ్బాయిలను బయటికి పంపకండి. రేపు ఆసుపత్రికి భార్యను తీసుకెళ్లాల్సింది వాళ్లే.
* జవాబు తెలియకపోతే "కనుక్కుని చెబుతాను" అనండి. "ఇవన్నీ నీకెందుకు" అంటే ఆ ప్రశ్న ఫోన్ దగ్గరికి వెళ్తుంది.

పాఠం అయిపోయినా పెట్టెను టేబుల్ మీద నుంచి తీయలేదు. మీకూ ఏదైనా అడగాలనిపిస్తే ఒక చీటీ రాసి మీ పిల్లల చేతికిచ్చి పంపండి.