ఆష్‌వెల్ చర్చి గోడ మీద రాత

ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో ఆష్‌వెల్ అనే పల్లె ఉంది. అక్కడి సెయింట్ మేరీ చర్చి చాలావరకు 14వ శతాబ్దపు కట్టడం. గోపురం ఎత్తు 176 అడుగులు. పల్లెకు అంత గోపురమా అనిపిస్తుంది! రాయి మాత్రం మెత్తటి సుద్దరాయి. ఇనుప మొనతో గీస్తే అక్షరం పడుతుంది. మనకు ఆధారం దక్కింది అందువల్లే.

1348-49లో వచ్చిన ప్లేగు ఇంగ్లండు జనంలో మూడోవంతు నుంచి సగం మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఘోరాన్నీ, బతికి మిగిలినవాళ్ల దుస్థితినీ, తర్వాత వచ్చిన పెనుగాలినీ ఎవరో గోపురం లోపలి గోడ మీద లాటిన్‌లో గీశారు. మిత్రులారా, మనం రాజుల శాసనాలే బట్టీపట్టాం. ఇది ఏ రాజూ చెక్కించింది కాదు. లాటిన్ వచ్చినవాడు కనుక రాసింది బహుశా చర్చి గురువే అయ్యుండాలి. రాళ్లు మోసిన కూలీలకు ఆ చదువెక్కడిది? వాళ్లు పోయిన సంగతి మాత్రం ఆ గోడ మీద ఉంది.