మట్టి గణపతి దగ్గర మా పాప నేర్చుకున్నది, నేను నేర్చుకున్నది



వినాయక చవితి దగ్గర పడుతోంది కదా. ఈసారి పూజావిధానం కాకుండా, పూజకు ముందు రోజుల గురించి మాట్లాడుకుందాం. అంటే పిల్లల చేత మట్టి గణపతిని చేయించే రోజుల గురించి అన్నమాట.

మా ఇల్లు తార్నాకలో. కిందటేడు మా ఐదేళ్ల పాపతో మొదటిసారి చేయించాను. పాప చేసిన స్వామికి తొండం వంకర, ఒక చెవి చేటంత, ఇంకోటి చింతాకంత. రేపు చుట్టాలొస్తారు, ఫొటోలు తీస్తారు అనుకుని, పాప మంచినీళ్లకు వెళ్లినప్పుడు నేను గబగబా సరిచేసేశాను. అది తిరిగొచ్చి చూసి, "అమ్మా, ఇది నీ గణపతి. నా గణపతి ఏడి?" అని ఏడుపు మొదలుపెట్టింది.

మా అమ్మ ఒక్కటే మాట అంది: "పూజ స్వామికే గానీ చుట్టాలకు కాదు కదే. మళ్లీ ముద్ద చేసి దాని చేతికివ్వు." ఇచ్చాను. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

పార్వతమ్మ చేతిపని

మనకు తెలిసిన కథే. పార్వతీదేవి స్నానానికి వెళ్తూ నలుగుపిండితో ఒక బాలుణ్ణి చేసి, ప్రాణం పోసింది. అంటే మన విఘ్నేశ్వరుడి పుట్టుకే ఒక తల్లి చేతిపని. పిల్లలు మట్టి పిసుకుతున్నప్పుడు ఈ కథ చెప్పి చూడండి. పుస్తకంలో చదివితే అది కథ. చేతిలో ముద్ద ఉండగా వింటే వాళ్ల అనుభవం అవుతుంది. మా పాప వెంటనే అడిగింది: "పార్వతమ్మకి కూడా వంకరగా వచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు!

వేళ్లు నేర్చుకునేది

మట్టి పిసకడం, ఉండ చుట్టడం, రెండు వేళ్లతో నొక్కి చెవి అతికించడం: ఇవన్నీ రేపు పెన్సిల్ పట్టుకోవాల్సిన వేళ్లకు బలాన్నిచ్చే పనులే. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పని చేయడం కూడా పిల్లలు నేర్చుకోవాల్సిందే. చేతిపని ద్వారానే చదువు రావాలని గాంధీగారు 1937లో వార్ధాలో 'నయీ తాలీం'ను ముందుకు తెచ్చారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిస్సోరి కూడా చిన్నపిల్లల చదువు చేతులతోనే మొదలవుతుందని నమ్మినావిడే.

ఇంకో సరదా సంగతి. ఒకే సైజు మట్టి ఉండలు రెండు చేసి, ఒకదాన్ని తొండంలా పొడుగ్గా సాగదీసి, "దేంట్లో మట్టి ఎక్కువుంది?" అని అడగండి. మా పాప "పొడుగుదాంట్లో" అంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే పిల్లల్ని ఇలాగే మట్టి ఉండలతో పరీక్షించాడు. సుమారు ఏడేళ్ల లోపు పిల్లలు చాలామంది ఇలాగే అంటారట. తప్పని దిద్దకండి. సాగదీసి, మళ్లీ ఉండ చేసి, వాళ్లనే చూడనివ్వండి.

పత్రి కోసం క్యాంపస్‌కి

ఏకవింశతి పత్రాలు అంటే 21 రకాల ఆకులు. బజార్లో కట్ట కొంటే ఏది ఏదో మనకే తెలీదు. అందుకే ముందు ఆదివారం పొద్దున్నే అమ్మ, నేను, పాప ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్లాం. అమ్మ చూపిస్తుంటే రావి, ఉత్తరేణి, జిల్లేడు, గరిక గుర్తుపట్టింది పాప. జిల్లేడు తెంపబోతే అమ్మ చెయ్యి పట్టి ఆపింది, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త, గన్నేరు కూడా విషమే. ఆ మూడూ పెద్దవాళ్లే కోయాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. ఏ ఆకుని ఎంత దూరం నుంచి గౌరవించాలో తెలియడం కూడా చదువే.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగి, "ఇంత పెద్దది మిషన్ చేసిందా?" అంది పాప. 1939లో తెరిచిన ఆ రాతి భవనంలో మనుషుల చేతులు చెక్కిన రాళ్లు చూపించాను. కాసేపు గోడని తడుముతూ ఉండిపోయింది.

అన్నిటికన్నా కష్టమైన పాఠం

నిమజ్జనం. తను చేసినదాన్ని తనే నీళ్లలో వదలాలి. పీఓపీ బొమ్మ నీళ్లలో తొందరగా కరగదు. మట్టి అయితే బకెట్లోనే పిల్లల కళ్లముందే విడిపోతుంది. పాప ఏడుస్తుందేమో అని భయపడ్డాను. తొండం ముందు జారిపోయింది. కాసేపు చూసి, "మళ్లీ ముద్ద అయిపోయాడు. వచ్చే ఏడు మళ్లీ చేస్తా" అంది. నేను దిద్దినప్పుడు ఏడ్చిన పిల్ల, స్వామి కరిగినప్పుడు ఏడవలేదు. ఎందుకంటే ఈసారి వదిలింది తనే. ఆ మట్టి మా తులసి కుండీలో పోశాం.

మీ ఇంట్లో చేయించాలంటే

• రంగులు కలపని మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ చపాతీ పిండిలా కలపండి. నీళ్లు ఎక్కువైతే ఆరాక పగుళ్లొస్తాయి.
• వరుస ఇది: పీఠం, పొట్ట, కాళ్లు, చేతులు, తల, చివర తొండం, చెవులు.
• అతికించే చోట రెండు వైపులా పుల్లతో గీతలు పెట్టి, జారుగా కలిపిన మట్టి రాయండి.
• రెండు మూడు రోజుల ముందే చేసి, నీడలో ఆరబెట్టండి.
• మీ చేతులు మీ ఒళ్లోనే ఉంచుకోండి. అడిగితేనే సాయం చేయండి.

మట్టి విగ్రహం కొనుక్కున్నా మంచిదే, పూజకు లోటేమీ లేదు. కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక్క ముద్ద వాళ్ల చేతికివ్వండి. వంకర తొండం వస్తే రానివ్వండి. ఆయన వక్రతుండుడే కదా!

శుభం.