తుపాకి ఇస్తే కుట్టుమిషన్: మొజాంబిక్ పాఠం

మొజాంబిక్‌లో 1977లో మొదలైన అంతర్యుద్ధం 1992 అక్టోబరు 4న రోమ్‌లో కుదిరిన ఒప్పందంతో ముగిసింది. అధికార పక్షం ఫ్రెలిమో తరఫున అధ్యక్షుడు చిస్సానో, తిరుగుబాటు వర్గం రెనామో తరఫున దాని నేత ధ్లకామా సంతకాలు చేశారు. ఐరాస దళం (ఒనుమోజ్) పర్యవేక్షణలో 1994లో ఎన్నికలు జరిగాయి. అయినా ఆయుధాలు చాలావరకు జనం దగ్గరే ఉండిపోయాయి.

బిషప్ దినిస్ సెంగులానే చొరవతో 1995లో మొజాంబిక్ క్రైస్తవ మండలి 'ఆయుధాల నుంచి పనిముట్లకు' పథకం చేపట్టింది. తుపాకి అప్పగిస్తే సైకిలో, కుట్టుమిషనో, పారో ఇచ్చేవారు. అసలు తెలివంతా ఇక్కడే ఉంది: నగదు చేతికిస్తే దాంతో ఇంకో తుపాకి కొనుక్కోవచ్చు! సేకరించిన ఆయుధాలను ముక్కలు చేసి కళాకారులకు ఇచ్చారు. వారిలో ఒకరైన కెస్టర్ ఆ ముక్కలతో 2001లో చేసిన 'ఆయుధ సింహాసనం' బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

బిట్‌గా గుర్తుంచుకోండి: మొజాంబిక్ జాతీయ పతాకంపై ఏకే-47 బొమ్మ ఇప్పటికీ ఉంది.