ఉబ్బసం వెనుక ప్రొటీన్లు... వాటి చుట్టూ కొలువులు

ఉబ్బసంలో ఆయాసం, పిల్లికూతలు పైకి తెలిసేవి. అసలు గొడవ శ్వాసనాళాల గోడల్లో జరుగుతుంది. ఇంటి దుమ్మో, చిత్తూరు పల్లెల్లో పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడో తగలగానే నాళం లోపలి పొర కణాలు టీఎస్ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33 వంటి సంకేత ప్రొటీన్లను వదులుతాయి. వీటిని సైటోకైన్లంటారు. ఆ కబురు అందుకున్న రోగనిరోధక కణాలు తమ వంతు సైటోకైన్లను విడుదల చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-4 ప్రభావంతో ఐజీఈ ప్రతిరక్షకాలు తయారవుతాయి. 5వ రకం ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పెంచుతుంది. 13వ రకం వల్ల కఫం ఎక్కువవుతుంది, నాళాలు కొద్దిపాటి కారణానికే బిగుసుకుంటాయి. వాపు ఏళ్ల తరబడి తగ్గకపోతే లోపొర అడుగు భాగం మందమై, కండరం పెరిగి, గాలి దారి ఇరుకైపోతుంది. ఆ దశలో దారి మళ్లీ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు.

ఈ గొలుసులో ఒక్కో లంకెను పట్టుకునే మందులు వచ్చాయి. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్‌కు అమెరికాలో 2003లో, ఇంటర్‌ల్యూకిన్-5ను ఆపే మెపోలిజుమాబ్‌కు 2015లో, టీఎస్ఎల్‌పీని ఆపే టెజెపెలుమాబ్‌కు 2021లో అనుమతి దక్కింది. ఎక్కువమందికి ఇన్‌హేలర్ స్టెరాయిడ్లే చాలు. ఖరీదైన ఈ ఇంజెక్షన్లు ప్రధానంగా తీవ్ర ఉబ్బసానికే. అయినా ఇలాంటి ప్రతిరక్షక మందులను తయారు చేయాలన్నా, పరీక్షించాలన్నా, ఏ రోగికి ఏది పనికొస్తుందో తేల్చాలన్నా మనుషులు కావాలి.

చికిత్స వైపు వెళ్లాలంటే నీట్ రాసి ఎంబీబీఎస్, ఆపై మూడేళ్ల ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్. తిరుపతిలో 1960 నాటి ఎస్వీ వైద్య కళాశాల, స్విమ్స్ ఆవరణలోని పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉన్నాయి. చిత్తూరులో అపోలో కళాశాల ఉంది. నీట్‌లో ర్యాంకు రాలేదని బైపీసీ విద్యార్థులు కుంగిపోవడం ఏటా చూసేదే. నిజానికి సైటోకైన్ల పరిశోధనకు ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. ఇంటర్ తర్వాత ఐఏటీ ప్రవేశ పరీక్ష రాసి ఏర్పేడు దగ్గరి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవొచ్చు. డిగ్రీ చేసినవారు ఏపీ పీజీసెట్‌తో ఎస్వీ యూనివర్సిటీలోనో, అమ్మాయిలైతే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ వంటి ఎమ్మెస్సీల్లో చేరొచ్చు. తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. బీఫార్మసీ వారికి హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో నాణ్యత నియంత్రణ, క్లినికల్ ట్రయల్స్ దారులున్నాయి.

ఇంటర్వ్యూలో కోర్సు పేరు కన్నా చేతిపనే ఎక్కువ నిలబెడుతుంది. రక్తంలో పికోగ్రాముల్లో ఉండే సైటోకైన్‌ను ఎలీసాతో కొలవడం, ఫ్లో సైటోమెట్రీతో కణాలను వేరుగా గుర్తించడం, ఆర్టీపీసీఆర్, గణాంకాల కోసం ‘ఆర్’ సాఫ్ట్‌వేర్... వీటిలో రెండైనా స్వయంగా చేసినవారు ముందుంటారు. సీటు ఖరారు చేసుకునే ముందు ఆ విభాగం ల్యాబ్‌కు వెళ్లి, ఎలీసా రీడర్ పనిచేస్తోందా, విద్యార్థులను దాన్ని ముట్టుకోనిస్తారా అని సీనియర్లను అడగాలి.