కారుకు నాడి చూద్దాం



తెలుగు బడి సంచికలో కారు గురించి పాఠమేమిటని ఆశ్చర్యపోకండి. జెద్దాలో కారు లేనిదే మన సంసారం కదలదు. ఆఫీసుకు, ఇంగ్లీషు బడికి, షరఫియాలో సరుకులకు, చివరికి ఈ శుక్రవారం తెలుగు తరగతికి కూడా కారులోనే వస్తాం. ఆ కారు మొరాయిస్తే ఏం చెయ్యాలో మాత్రం మనలో చాలామందికి తెలియదు. మేమూ అలాంటివాళ్లమే. ఒక దెబ్బ తిన్నాక నేర్చుకున్నాం. ఆ అనుభవమే ఈ పాఠం.

జరిగిన కథ

2019 ఆగస్టు నెల, గురువారం సాయంత్రం. బలద్‌లో పని చూసుకుని మదీనా రోడ్డు మీదుగా ఇంటికి వస్తున్నాం. ట్రాఫిక్ చీమల బారులా ఉంది. ముందు ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. తర్వాత ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది. బండి పక్కకు తీసి ఆపేశాం. సముద్రపు ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. మూడేళ్ల మా అబ్బాయి ముఖం ఎర్రగా కందిపోయింది. ఒక మిత్రుడు వచ్చి తీసుకెళ్లేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట మేము ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు సనాయియాలో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాం. "ఇంజన్ వేడెక్కుతోంది" అని మాత్రమే చెప్పాం. థర్మోస్టాట్ మార్చారు. పెద్ద రోడ్డు మీద వేగంగా ఒక చుట్టు తిప్పి, "ఖలాస్, అంతా బాగుంది" అన్నారు. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. ఈసారి రేడియేటరే మార్చేశారు. వందల రియాళ్లు పోయాయి గానీ జబ్బు పోలేదు.

అప్పుడు ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వెనక సీట్లోంచి అన్న మాట ఇది: "నాన్నా, మనం ఆగినప్పుడే ముల్లు పైకెళ్తోంది. స్పీడుగా వెళ్తే దిగిపోతోంది. ఏసీ కూడా ఆగినప్పుడే వేడిగాలి కొడుతోంది."

మేము ముఖముఖాలు చూసుకున్నాం. ఇంతమంది పెద్దవాళ్లం ముల్లును చూశాం కానీ, అది *ఎప్పుడు* పైకెళ్తోందో చూడలేదు!

ఆ మాటలో ఉన్న కిటుకు

కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలి ముందుభాగంలోంచి దూసుకువచ్చి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. దాని ముందే ఉండే ఏసీ కండెన్సర్‌నూ అదే గాలి చల్లబరుస్తుంది. బండి ఆగితే ఎదురుగాలి ఉండదు. అప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఆగినప్పుడే ఇంజనూ వేడెక్కి, ఏసీ కూడా చల్లదనం ఇవ్వకపోతే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? ఫ్యాన్! లక్షణాలు రెండు, కారణం ఒకటి. అదే ముల్లు వేగంగా వెళ్లినప్పుడు పెరిగి, మెల్లగా వెళ్లినప్పుడు తగ్గితే, అనుమానం వేరే చోటికి పోవాలి: కూలెంట్ తగ్గడం, రేడియేటర్ లోపల పూడుకుపోవడం, నీటి పంపు బలహీనపడడం వంటివి.

వర్క్‌షాపులో జబ్బు ఎందుకు కనబడలేదో కూడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వేగంగా తిప్పి చూశారు. వేగంలో ఆ జబ్బు దాక్కుంటుంది మరి!

ఈసారి వేరే మెకానిక్ దగ్గరకు వెళ్లి, అమ్మాయి చెప్పిన మూడు వాక్యాలూ వచ్చీరాని ఉర్దూలో అప్పజెప్పాం. ఆయన ఏసీ వేసి, బండిని నిలబెట్టి, బానెట్ ఎత్తి చూశాడు. ఫ్యాన్ తిరగడం లేదు. మొదట ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. ఫ్యాన్ మోటారుకు నేరుగా కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. అంటే మోటారు మంచిదే. ఇంజన్ ఆపి, పెట్టెలో ఉన్న అదే రకం, అదే నంబరు రిలేను తెచ్చి ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టి చూశాడు. ఫ్యాన్ తిరిగింది! పోయింది అగ్గిపెట్టెలో సగమైనా లేని రిలే ఒక్కటే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాం మేము.

ఆయన అంతటితో ఊరుకోలేదు. మోటారు కరెంటు ఎక్కువ లాగడం వల్ల రిలే కాలిందేమోనని కొలిచి చూశాడు. ఆ తర్వాత ఏసీ వేసి, బండిని ఇరవై నిమిషాలు నిలబెట్టే ఉంచాడు. ముల్లు మధ్యలోంచి కదలలేదు.

అయిదు మెట్లు

పల్లెల్లో పాతకాలపు వైద్యులు నాడి పట్టుకుని, "ఎప్పట్నుంచి? రాత్రా, పగలా? ఏం తిన్నావు?" అని అడిగేవారు. మందు ఆ తర్వాతే. కారుకూ అంతే.

1. గమనించు. ఏం జరుగుతోంది? ఎప్పుడు? చల్లటి ఇంజన్‌తోనా, వేడెక్కాకా? ఆగినప్పుడా, వెళ్తున్నప్పుడా? ఏసీ వేస్తేనా? ఈమధ్య ఏదైనా మార్చారా? ఒక కాగితం మీద రాసుకోండి.

2. మళ్లీ రప్పించు. జబ్బు ఏ పరిస్థితిలో వస్తుందో అదే పరిస్థితిలో పరీక్షించాలి. అది ప్రమాదం లేనిదైతేనే సుమా! బ్రేకులు సరిగా పడకపోతే నడిపి చూడకూడదు, బండిని మోయించుకుని వెళ్లాలి.

3. ఊహించు. అన్ని లక్షణాలకూ సరిపోయే కారణాలేమిటి? ఒక్క కారణంతో రెండు లక్షణాలు కలుస్తాయా?

4. పరీక్షించు. సులభమైనది, చవకైనది ముందు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

5. సరిచూడు. బాగుచేశాక, జబ్బు వచ్చిన పరిస్థితిలోనే మళ్లీ చూడాలి.

"ఇప్పుడు కంప్యూటర్ పెడితే అన్నీ అదే చెబుతుంది కదా" అని కొందరు అంటారు. అమెరికాలో 1996 మోడల్ నుంచి తప్పనిసరి చేసిన ఓబీడీ-2 పద్ధతి ఇప్పుడు చాలా దేశాల కార్లలో ఉంది. అది ఇచ్చే కోడ్ మంచి ఆధారమే. కానీ కోడ్ చెప్పేది లక్షణం, పాడైన భాగం పేరు కాదు. ఉదాహరణకు పి0171 అంటే పెట్రోలుకు మించి గాలి ఉన్నట్టు తోస్తోందని అర్థం. కారణం చిరిగిన గొట్టం కావచ్చు, దుమ్ము పట్టిన గాలి సెన్సర్ కావచ్చు, నీరసించిన పెట్రోలు పంపు కావచ్చు. జ్వరమానిలో 102 కనబడితే జ్వరమని తెలుస్తుంది గానీ, ఏ జ్వరమో తెలియదు.

తెలుగుకు చెవులున్నాయి

పిల్లలూ, కారు మాట్లాడే భాషకు మన తెలుగులో బోలెడు మాటలున్నాయి. ఇవి ధ్వన్యనుకరణ పదాలు.

- *టకటక:* తాళం తిప్పితే టకటకమని, లైట్లు మసకబారితే బ్యాటరీనో, దాని తీగల బిగువునో చూడాలి. ఇక్కడి ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తక్కువ. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తున్నప్పుడు టకటకమంటే ముందు ఇరుసు కీలు అరిగిందేమో.
- *కీచు:* స్టార్ట్ చెయ్యగానే వస్తే బెల్టు, బ్రేకు తొక్కితే వస్తే బ్రేకు ప్యాడ్లు.
- *గరగర:* బ్రేకు తొక్కినప్పుడు ఇనుము రాసుకున్నట్టుంటే ప్యాడ్లు పూర్తిగా అరిగి ఉండవచ్చు. వెంటనే చూపించాలి.
- *బుస్సు:* బానెట్ కింద పాము బుసకొట్టినట్టుంటే ఆవిరో, చిరిగిన గొట్టమో.

ముక్కు, కళ్లు కూడా పనిచెయ్యాలి. తియ్యటి వాసన వస్తే కూలెంట్ కారుతోందేమో. బండి కింద రంగు లేని నీళ్లుంటే భయం లేదు, జెద్దా గాలిలోని తేమ ఏసీలో నీరై కారుతుంది. ఆకుపచ్చ, గులాబీ రంగుంటే కూలెంట్ కావచ్చు. గోధుమ, నలుపు రంగుల్లో జిడ్డుంటే ఇంజన్ ఆయిల్ కావచ్చు.

ప్రాణం ముందు, బండి తర్వాత

2010 జూన్ 22న జెద్దాలో 52 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండల్లో ఇవి మరిచిపోవద్దు:

- ముల్లు పైకెళ్తే ఏసీ ఆపండి. పక్కకు తీసేదాకా హీటర్ పూర్తిగా వెయ్యండి. నవ్వకండి! అది ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. తర్వాత ఇంజన్ ఆపెయ్యండి.
- వేడి రేడియేటర్ మూత ఎప్పుడూ తియ్యకండి. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు వంద డిగ్రీలు దాటి ఉంటుంది. మూత తియ్యగానే ఎగజిమ్మి ముఖం కాలుస్తుంది.
- ఆగిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. తాగే నీళ్లు ఎప్పుడూ బండిలో ఉంచండి. అత్యవసరమైతే 911కు ఫోన్ చెయ్యండి.

2018 జూన్ 24 నుంచి ఇక్కడ మన అమ్మలూ కారు నడపవచ్చు. కనుక ఈ పాఠం నాన్నలకే కాదు, ఇంటిల్లిపాదికీ.

చివరగా పెద్దలకు ఒక మాట. వెనక సీట్లోంచి పిల్లలు ఏదైనా చెబితే "నువ్వూరుకో" అనకండి. మేము మొదటి రోజే ఆ మాట అనకపోయి ఉంటే, ఒక రేడియేటర్ మిగిలేది.

అభ్యాసం

1. మామయ్య కారు ఉదయం స్టార్ట్ కాలేదు, మధ్యాహ్నం అయింది. ఆయన్ని ఏ మూడు ప్రశ్నలు అడుగుతారు?
2. బండి ఆగినప్పుడు ఏసీ చల్లగానే ఉంది, ఇంజన్ మాత్రం పెద్ద రోడ్డు మీదే వేడెక్కుతోంది. ఫ్యాన్‌నే ముందు అనుమానించవచ్చా? ఎందుకు?
3. ఈ పాఠంలో లేని ధ్వన్యనుకరణ పదాలు ఐదు రాసి, సొంత వాక్యాల్లో వాడండి.
4. ఈ వారం ఇంటికి వెళ్లేటప్పుడు మీ కారు చేసే చప్పుళ్లు విని, అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పండి.