పుక్కిలి మందు, పుండు కడిగే మందు

దంతవైద్యుడు చిగుళ్ల వాపునకు వ్రాసి ఇచ్చే మౌత్‌వాష్‌లోనూ, శస్త్రచికిత్సకు ముందు చర్మానికి పూసే ద్రావణంలోనూ తరచుగా ఉండేది ఒకే మందు. దాని పేరు క్లోర్‌హెక్సిడిన్. 1954లో బ్రిటనులో వాడుకలోకి వచ్చింది. మందు ఒకటే కావచ్చు, పాళ్లు వేరు. పుక్కిలి మందులో సాధారణంగా నూటికి 0.2 పాళ్లు ఉంటే, చర్మశుద్ధి ద్రావణంలో 2 పాళ్ల వరకు ఉండి, స్పిరిటు కూడా కలిసి ఉంటుంది. పుండ్లు కడిగే కొన్ని ద్రావణాలలో దీనితో సెట్రిమైడ్ చేరుతుంది. కనుక ఒక సీసాలోని మందు లేదు కదా అని మరొక సీసాలోనిది నీళ్లు కలిపి నోట పోసుకొనరాదు. కంటిలోనూ, చీము కారే చెవిలోనూ వేయరాదు. చెవిగూబకు రంధ్రమున్నచో వినికిడికే ముప్పు.

ఈ మందు పళ్లకు, నోటి పొరకు అంటుకొని కొన్ని గంటలపాటు నెమ్మదిగా విడుదల అవుతుంది. దీని బలమంతా అందులోనే ఉన్నది. 10 మిల్లీలీటర్లు నోట ఉంచుకొని, ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మివేయాలి. రోజుకు రెండుసార్లు చాలును. టూత్‌పేస్టులోని నురుగు పదార్థం దీని శక్తిని హరిస్తుంది. పళ్లు తోముకొని, నోరు బాగా కడుగుకొని, అరగంట ఆగి వాడడం మంచిది. రెండు వారాలకు మించి సొంతంగా సాగించిన వారికి పళ్లపై గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. కాఫీ, టీ అలవాటున్న ఇళ్లలో ఈ మరక మరీ త్వరగా వస్తుంది. అరుదుగా కొందరికి దద్దుర్లు, ఆయాసము కలుగుతాయి. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నిత్యము చేయదగినది మన శాస్త్రంలో ఉన్నది. నోటినిండా ద్రవమును కదపకుండా నిలుపుట గండూషము. కదుపుతూ పుక్కిలించుట కబళము. త్రిఫలా చూర్ణం ఒక చెంచా, నీరు రెండు గ్లాసులు, అరగ్లాసు మిగిలేవరకు కాచి, వడకట్టి, గోరువెచ్చగా కబళం పట్టాలి. దీనిని క్లోర్‌హెక్సిడిన్‌తో పోల్చిన పరిశోధనలు మన దేశంలో జరిగాయి. పాచి తగ్గించుటలో ఫలితం దగ్గరగా ఉన్నదని కొన్ని తేల్చాయి. అయితే గారగట్టిన పళ్లను ఏ కషాయమూ, ఏ మౌత్‌వాష్ కూడా బాగుచేయలేదు. దానిని దంతవైద్యుని చేత గీయించుకొనవలసినదే.

చర్మం సంగతి వేరు. సుశ్రుతుడు వ్రణచికిత్సకు అరవై ఉపక్రమాలు చెప్పాడు. అందు కషాయంతో కడుగుట ఒకటి. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి పట్టలతో కాచిన పంచవల్కల కషాయం ఇందుకు ప్రసిద్ధం. పైపైన గీసుకొన్న చర్మానికి అది చాలును. ఏ పూటకాపూట కాచుకోవాలి, నిలవ ఉంచినది పనికిరాదు. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది గాయం కడగకుండానే దానిపై వంటింటి పసుపు అద్ది వస్తారు. లోపలి మట్టిని అది కప్పిపెట్టడమే తప్ప శుద్ధి చేయదు. ముందు ధారగా పారే శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగాలి. తుప్పుపట్టిన మేకు దిగినా, కుక్క కరిచినా కషాయాలతో కాలయాపన చేయక ఇంజక్షన్లకు వెళ్లాలి. మధుమేహ రోగి కాలి పుండు ఎంత చిన్నదైనా ఇంటివైద్యానికి లొంగేది కాదు.

పురిటిబిడ్డ బొడ్డుపై పసుపు గాని, బూడిద గాని, నూనె గాని పెట్టరాదు. పొడిగా ఉంచాలి. వైద్యులు క్లోర్‌హెక్సిడిన్ పూయమని చెప్పినచో, బొడ్డు కోసమే తయారైన దానిని మాత్రమే పూయాలి.