కావలివేళ

విశాఖపట్టణము

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

ఇంటర్మీడియట్ పూర్తికాగానే నౌకాదళమున చేరదలచితినని, ఆ దళముయొక్క చరిత్రమును, అందలి జీవనవిధానమును, ఏ శాఖ మేలైనదో ఆ సంగతియు తెలుపవలసినదని నీవు వ్రాసిన ఉత్తరము చదివి సంతోషించితిని. రామకృష్ణా బీచిలో గట్టునకెక్కించి ప్రదర్శనకుంచిన కుర్సురా జలాంతర్గామిని సెలవులలో చూచినప్పటినుండియే ఈ కోరిక బలపడినదని కూడ వ్రాసితివి. మంచిదే. అయితే నీవు చూచినది దాని విశ్రాంతిదశ. 1969 డిసెంబరులో సోవియట్ దేశపు రీగా రేవున మన పతాకము ధరించి, 2001 ఫిబ్రవరి వరకు సేవచేసిన ఆ నౌక దాదాపు 91 మీటర్ల పొడవుగలది. అందు డెబ్బదియైదుమంది మనుష్యులు, వారి తిండి, వారి బట్టలు, బ్యాటరీలు, డీజిలు, టార్పెడోలు అన్నియు ఇముడవలెను. ఇప్పుడు నీవు టిక్కెట్టు కొని నడచిన ఆ ఇరుకుదారిలో ఒకప్పుడు డీజిలువాసన, చెమటవాసన, వంటవాసన కలగలసి నిలిచియుండెడివని, స్నానమన్నమాట రేవు చేరువరకు మరచిపోవలసి యుండెడిదని, ఒకడు లేచిన పడకలో ఆ వెచ్చదనము ఆరకమునుపే మరియొకడు పరుండెడివాడని అందు పనిచేసిన మిత్రులు చెప్పగా విన్నాను. నేను జలాంతర్గామి మనిషిని కాను. నీటిపై తిరుగు ఆవిరినౌకలలో, బాయిలరు గదులలో నా ఉద్యోగకాలము గడచినది. కావున నాకు తెలిసిన ఆ లోకమునుండియే చెప్పెదను.

నౌకలోని దినము ఇంటిలోని దినమువలె తెల్లవారుటతో మొదలై నిద్రతో ముగియునది కాదు. ఇరువదినాలుగు గంటలను నాలుగేసి గంటల కావలివేళలుగా విభజించి, జట్లుజట్లుగా మనుష్యులను వంతుకు నిలుపుదురు. అట్లు సరిగా ఆరు భాగములు చేసినచో, మూడు జట్లున్న నౌకలో అర్ధరాత్రివంతు వచ్చినవానికి ప్రతిరాత్రియు అదే వంతు తగులును గదా! ఆ అన్యాయము తప్పించుటకై, సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిది వరకుగల భాగమును రెండుగంటల చొప్పున రెండుగా చీల్చి, మొత్తము ఏడు వంతులు చేసిరి. ఏడింటిని మూడు జట్లు పంచుకొనునప్పుడు వంతు దినమున కొక మెట్టు జరుగుచు పోవును; నేడు నడిరేయి మేల్కొన్నవాడు రేపు మరియొక వేళ మేల్కొనును. ఈ చిన్న ఏర్పాటు ఎవరి బుద్ధిలో పుట్టినదో గాని, పెద్ద పెద్ద రాజ్యాంగశాస్త్రములకు తీసిపోని న్యాయబుద్ధి అందులో నున్నదని నా అభిప్రాయము.

వంతు మార్చుకొనుట కూడ నేర్చుకొనదగిన విద్యయే. పండ్రెండింటికి వంతు అన్నచో పండ్రెండింటికి పోవుట కాదు. పదినిమిషములు ముందుగా దిగి, పంపులచుట్టు తిరిగి, బేరింగులమీద చేయి పెట్టి వేడి చూచి, దిగిపోవువాని నోట ప్రతి యంత్రముయొక్క స్థితియు విని, తృప్తి కలిగిన పిమ్మట మాత్రమే ‘నీవు పోవచ్చును’ అనవలెను. ఆ మాట అన్న క్షణమునుండి, అంతకుముందు జరిగిన లోపము సైతము నీదే యగును.

బాయిలరు గదిలో నేను ఎక్కువకాలము చూచినది సముద్రమును కాదు, ఒక గాజుగొట్టమును. బాయిలరు డోలులో నీటిమట్టము ఎంతయున్నదో చూపునట్టి ఆ గొట్టమును చూచుటకై ఒక మనిషి ప్రత్యేకముగా నిలిచియుండెడివాడు. నౌక ప్రక్కలకు ఒరగినప్పుడెల్ల నీరు పైకి క్రిందికి పోవుచుండును. ఆ ఊగులాటలో నడిమట్టమెక్కడో కంటితో నిర్ణయించి, నీటిని పంపు కవాటమును త్రిప్పుచుండవలెను. నీరు ఎక్కువైనచో ఆవిరితోపాటు టర్బైనులోనికి పోయి దాని రెక్కలను విరుచును. తక్కువైనచో గొట్టములు మాడి, బాయిలరే ప్రేలవచ్చును. ఇందులో ప్రాణాంతకమైన కిటుకు ఒకటి యున్నది, అమ్మాయీ! పూర్తిగా నిండిన గాజుగొట్టమును, పూర్తిగా ఎండిన గాజుగొట్టమును చూపునకు ఒక్కతీరుననే యుండును. మట్టపురేఖ కనబడకపోయిన క్షణమున, నీరున్నదో లేదో ఊహించుచు కూర్చుండరాదు. ఎండి కాగిన బాయిలరులోనికి చన్నీరు పంపినచో అంతటితో సరి. వెంటనే మంట ఆర్పివేయవలెను. నౌక వేగము తగ్గవచ్చును, పైన నౌకను నడపు వేదికమీదనుండి అధికారి కేకలు వేయవచ్చును, దళమంతయు ముందుకు సాగిపోయి మన నౌక వెనుకబడవచ్చును. అయినను మంట ఆర్పవలసినదే, ఆ ఆర్పు అధికారము పదునెనిమిదేండ్ల కుర్రవానికి సైతము కలదు. నౌకాదళమనిన శుభ్రమైన తెల్లని దుస్తులు, ఫిరంగులు, దేశాంతరయాత్రలు అని నీ స్నేహితురాండ్రు చెప్పియుందురు. అవియు కలవు. కాని ఆ నౌకను తేల్చియుంచునది, ఎవరును చూడని చోట, ఎవరును మెచ్చుకొనని వేళ, ఒక గాజుగొట్టముమీదనుండి దృష్టి మరల్చని మనిషి. నీవు అందుకు సిద్ధపడగలవా అన్నదే నేను అడుగు ప్రశ్న, తక్కినవన్నియు నేర్పుదురు.

ఇక చరిత్రము. మన పూర్వులు సముద్రములనెల్ల ఏలిరని గొప్పలు చెప్పువారి మాటలు నేను అంతగా నమ్మను. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు తెరచాపకొయ్యల ఓడ యున్నమాట నిజము; అది వర్తకమునకు గుర్తగునేగాని యుద్ధనౌకాదళమునకు సాక్ష్యము కాజాలదు. నాకు అంతకన్న ఘనముగా తోచునది మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము. గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరని, తాను మాత్రము న్యాయమైన సుంకము తప్ప ఏమియు తీసికొననని ఆ రాజు శిలమీద వ్రాయించెను. ఆపదలోనున్న నావికునికి రేవు అభయమీయవలెనను బుద్ధి మన తీరమున అంత పాతది. శాతవాహనుల పేరు ఇప్పుడు విశాఖలోని జలాంతర్గామి శిక్షణకేంద్రమునకు నిలిచినది. కాకతీయుని శాసనమును తలచుకొనువారు తక్కువ.

1612లో ఈస్టిండియా కంపెనీ తన వర్తకమును కాపాడుకొనుటకు తెప్పించిన కొలది ఓడలనుండి మన దళము తన వంశమును చెప్పుకొనును. అది అనేక నామములు మార్చి, 1934లో రాయల్ ఇండియన్ నేవీ అయినది. ఆ కాలపు విషయములలో నీవు శ్రద్ధగా తెలిసికొనవలసినది 1946 ఫిబ్రవరి 18. బొంబాయిలో తల్వార్ అను సంకేతశిక్షణ కేంద్రమునందలి నావికులు, తినరాని తిండికిని, తెల్ల అధికారుల తిట్లకును విసిగి, అన్నము లేనిదే పని లేదని కూర్చుండిరి. రెండుమూడు దినములలో ఆ నిప్పు నౌకనుండి నౌకకు ప్రాకి కరాచీ, మద్రాసు, కలకత్తాలకు వ్యాపించినది; మన విశాఖకును సోకినది. కాంగ్రెసు, లీగు, కమ్యూనిస్టు జెండాలు మూడును నౌకలపై కలసి ఎగిరినవి. పట్టణములలో జనము వీధులకెక్కిరి, కాల్పులు జరిగినవి. తుదకు సర్దార్ పటేలు హితవు విని నావికులు 23వ తేదీన లొంగిపోయిరి. నాయకులు అట్లు సలహా ఇచ్చుట న్యాయమా, కాదా అన్న వాదము ఇప్పటికిని తెగలేదు; ఉద్యోగములనుండి తీసివేయబడిన ఆ యువకులను స్వతంత్రము వచ్చిన తరువాత ఏ దళమును తిరిగి చేర్చుకొనకపోవుట మాత్రము అన్యాయమని నేను నిస్సంకోచముగా చెప్పుదును. నీవు రేపు అధికారిణివైనచో, నావికుల భోజనశాలలో పప్పు ఎట్లున్నదో స్వయముగా రుచిచూచు అలవాటు చేసికొనుము.

1950 జనవరి 26న పేరులోని ‘రాయల్’ తొలగినది. అయినను సేనాధిపతి పదవిలో ఆంగ్లేయులే మరికొన్నియేండ్లు కొనసాగిరి. చెంగల్పట్టున జన్మించిన రామదాసు కటారి 1958 ఏప్రిలులో ఆ పదవినెక్కిన మొదటి భారతీయుడు. 1927లో డఫరిన్ శిక్షణనౌకలో చేరిన తొలి జట్టువాడు. విద్య ముగిసిన నాటికి దళములో తగిన చోటు లేక, హుగ్లీనదిలో లోతులు కొలుచు ఉద్యోగము చేయుచు యుద్ధకాలమువరకు ఓపికపట్టెను. పరీక్షలో ఒకసారి తప్పినంతమాత్రమున ఉత్తరములో కన్నీరు కార్చు నీవంటివారికి ఈ సంగతి చెప్పదగినది.

విశాఖ కథ వేరు. 1933లో రేవు తెరచినపుడు ఇది వర్తకపురేవే. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు దీనిమీద బాంబులు వేసినవి. 1968లో తూర్పు నౌకాదళము ప్రత్యేక కమాండుగా ఏర్పడినది. మూడేండ్లకే 1971 యుద్ధము వచ్చినది. విక్రాంత్ విమానవాహకనౌకను ముంచుటకై పాకిస్తాను ఘాజీ జలాంతర్గామిని పంపినది. అప్పటికి విక్రాంత్‌ను అండమాను దిక్కునకు పంపివేసి, అది విశాఖకు వచ్చుచున్నట్లు శత్రువు నమ్మునట్లు తూర్పు కమాండు అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఉపాయము పన్నెను. రాజ్‌పుత్ అను పాతనౌక విక్రాంత్ పేర నిస్తంత్రీ వార్తలు పంపినది. అంతియే కాదు, పెద్దనౌకకు సరిపడు మాంసము, కూరగాయలు కావలెనని స్థానిక కంట్రాక్టర్లకు పురమాయింపులు పోయినవి. గూఢచారులు అంగడిలో వంకాయల లెక్క చూచి యుద్ధనౌకల జాడ తెలిసికొందురన్న సంగతి అప్పటివరకు మనకెవ్వరికి తోచును? డిసెంబరు 3 రాత్రి అర్ధరాత్రి దాటిన తరువాత రేవుముఖమున గొప్ప ప్రేలుడు వినబడినది. తెల్లవారి జాలరులు తేలుచున్న వస్తువులను ఒడ్డునకు తెచ్చిరి. రాజ్‌పుత్ వేసిన బాంబులవలన ఘాజీ మునిగినదని మనవారి మాట. లోపల తానే ప్రేలినదని వారి మాట. ఏదైనను, అందులో తొంబదిమందికి పైగా మరణించిరి. బీచిలోని విజయస్తంభమును చూచినపుడు ఆ తొంబదిమందిలోను నడిరేయి వంతుకు మేల్కొని తమ కొలతపలకలను చూచుకొనుచున్నవారుందురని తలచుకొనుము. అదే యుద్ధములో డిసెంబరు 9న మన ఖుక్రీ యుద్ధనౌక మునిగినప్పుడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కూడ 194 మంది పోయిరి. అందరి పేరులును ఎవరి నోటను ఉండవు.

ఉద్యోగవిషయము. ఇంటర్మీడియట్‌లో గణితము, భౌతికశాస్త్రము చదువుచున్నావు గనుక నీకు రెండు త్రోవలున్నవి. అధికారిణిగా పోవలెనన్నచో ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ, లేదా కేరళలోని ఎళిమల అకాడమీ. ఖడక్‌వాస్లాలో 2022 మొదలు బాలికలకును ప్రవేశము లభించినది. నావికురాలిగా పోవలెనన్నచో ఆ యేడాదే మొదలైన అగ్నివీర్ పద్ధతి: నాలుగేండ్ల సేవ, పిమ్మట నూటికి ఇరువదియైదుమందికి మించకుండ కొనసాగింపు, తక్కినవారికి ఒక మొత్తమిచ్చి వీడ్కోలు. ఈ పద్ధతి నాకు అంతగా రుచింపదు. నా అనుభవమున యంత్రముయొక్క ధ్వని వినగానే దాని రోగము చెప్పగల చెవి నాలుగేండ్లలో పండునది కాదు. అయినను నీవు ఆ త్రోవనే పోయినచో, కొనసాగింపుమీద ఆశపెట్టుకొనక, మొదటి దినమునుండి ఒక పనితనము చేతబట్టుము. ఒడిశాలోని చిల్కాలో ప్రాథమిక శిక్షణ. తరువాత యంత్రశాఖవారిని లోణావళా కొండలలోని శివాజీ శిక్షణకేంద్రమునకు, విద్యుచ్ఛాఖవారిని జామ్‌నగరులోని వల్సురా కేంద్రమునకు పంపుదురు. సముద్రపు గాలి సోకని కొండమీద నావికులకు నౌకాయంత్రవిద్య నేర్పుట చూచి నవ్వుకొందువు. అక్కడి వానలో నవ్వు త్వరగానే ఆరును.

ఏ శాఖ గొప్పదని అడిగితివి. పైన నిలిచి దారిచూపు శాఖవారికి పేరు వచ్చును, క్రింద పనిచేయువారికి చేతిపని వచ్చును. నా పక్షపాతము నీకు తెలిసినదే. హిందీ మాత్రము ఇప్పుడే నేర్చుకొనుము. మెస్‌డెక్కులో సగము స్నేహములు, సగము కలహములు ఆ భాషలోనే నడచును. చపాతీకి అలవాటుపడుము, ఆవకాయ జాడీ మాత్రము వెంట తీసికొనిపొమ్ము; పంజాబీలు నీకన్న ముందుగానే దానిని ఖాళీ చేయుదురు.

ఆడపిల్లకు సముద్రమేమిటని మీ వీధివారు అడుగుచున్నారట. 2017 సెప్టెంబరులో గోవానుండి తారిణి అను తెరచాపనావలో ఆరుగురు స్త్రీ అధికారులు బయలుదేరి, హార్న్ అగ్రమును చుట్టి, భూమండలమును ప్రదక్షిణముచేసి 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో స్వాతి మన విశాఖపట్టణపు పిల్ల, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు పిల్ల. పదునేడు మీటర్ల నావ, వంతులు పంచుకొనుటకు ఆరుగురే. ఆ దక్షిణసముద్రపు చలిలో చుక్కాని పట్టుకొని నిలిచినవారిని వీధివారి ఎదుట పేరుపెట్టి చెప్పుము.

నీకు ఈతరాదు. నౌకలో చేరిన తరువాత నేర్పుదురుగాని, భయపడుచు నేర్చుకొనుట కన్న ముందే నేర్చుకొనుట మేలు. వేసవిలో ఇక్కడికి వచ్చినచో నేను ఏర్పాటు చేసెదను. కండ్లు, పండ్లు, చెవులు ఇప్పుడే డాక్టరుకు చూపుము. వైద్యపరీక్షలో చిన్నలోపములకే వెనుకకు పంపినవారిని చాలమందిని చూచితిని. మీ అమ్మ ఒప్పుకొనుట లేదని చివర వ్రాసితివి. ఆమెకు నేను వేరుగా ఉత్తరము వ్రాయుచున్నాను. అది చేరువరకు ఆ ప్రస్తావన ఇంటిలో తేవలదు.

ఇట్లు
మీ తాతయ్య